బీదరులో తెలుగు ఆరాధన



ఈ క్రింది సంగతి మా ఊరి క్రైస్తవులదే అయినా, రాష్ట్రాల పొలిమేరల్లో ఉన్న తెలుగు సంఘాలన్నిటికీ తగిలేది కాబట్టి తమ పత్రికలో కొంచెం చోటు ఇప్పించ ప్రార్థన.

బీదరులో మా సంఘంలో ప్రతి ఆదివారం ఉదయం ఏడు గంటలకు తెలుగులోను, తొమ్మిది గంటలకు కన్నడంలోను ఆరాధన జరుగుతున్నది. ఇప్పుడు తెలుగు ఆరాధన నిలిపివేసి ఆ వేళకు ఇంగ్లీషు ఆరాధన పెట్టాలని కమిటీలో కొందరు ప్రతిపాదించారు. ఏడు గంటలకు వచ్చేవారు ముప్పైమందికి మించరనీ, కొత్తగా వచ్చే పాస్టర్లకు తెలుగు రాదనీ, పిల్లలకు తెలుగు అక్షరమే తెలియదనీ వారంటారు. మూడూ నిజమే. సంఘం పేరు నేను వ్రాయడం లేదు. పెద్దలతో నాకు వైరం లేదు, పైగా ఇటువంటి మాట మరికొన్ని సంఘాల్లోనూ వినబడుతున్నది.

అసలు బీదరులో తెలుగేమిటని అడిగే వారున్నారు. 1956 నవంబరు 1 నాటికి ముందు బీదర్ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోనిది. ఆ రోజున నారాయణఖేడ్ తాలూకా, జహీరాబాదు తాలూకాలో చాలా భాగం ఆంధ్రప్రదేశ్‌లోకి పోయినవి. ఉద్గీర్, అహ్మద్‌పూర్, నీలంగ తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి పోయినవి. మిగిలిన మేము మైసూరు రాష్ట్రంవాళ్ళమైనాము. మా మేనత్త ఇల్లు జహీరాబాదులో, బస్సెక్కితే గంట ప్రయాణం. తెల్లవారేసరికి ఆమె ఆంధ్ర, మేము మైసూరు!

మా నాయన నిజాం కాలంలో బడిలో ఉర్దూ చదివాడు. నేను కన్నడం చదివాను. నా కొడుకు ఇంగ్లీషు చదివాడు. ఈ మూడు తరాల్లో మాలో ఎవరికీ ఏ సర్కారు బడీ తెలుగు నేర్పలేదు. నాయనకు తెలుగు వచ్చిందంటే సండే స్కూలులో వచ్చింది. నాకు మా అమ్మ బైబిలు ముందు పెట్టి, వేలితో చూపి, ఒక్కొక్క అక్షరం నేర్పింది. అంటే మాకు గుడే తెలుగు బడి. ఆ గొలుసు నా దగ్గర తెగింది. ఉద్యోగం పేర తిరిగి, పిల్లవాడికి ఇంగ్లీషు వస్తే చాలుననుకుని, మా అమ్మ నాకు చేసినది నేను వాడికి చేయలేదు. కమిటీవారిని తప్పుపట్టబోయే ముందు ఈ మాట ఒప్పుకోవాలి.

నిరుడు మా వీధిలో ఒక ముసలమ్మ ప్రభువునందు నిద్రించింది. ఆమెకు చదువు రాదు. కాని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఏ పాట మొదలుపెట్టినా చివరి చరణం దాకా పాడేది. బజారులో కన్నడం, పొరుగు బీబీతో ఉర్దూ, దేవునితో తెలుగు — ఇదీ ఆమె లెక్క. మంచాన పడినప్పుడు పాస్టరుగారు వచ్చి కన్నడంలో చక్కగా ప్రార్థన చేశారు. ఆమె ఆమేన్ అన్నది. ఆయన వెళ్ళిన తరువాత, “నాయనా, ఒక కీర్తన ఎత్తుకో” అన్నది. నేను ఎత్తుకున్నాను. రెండు రోజులుగా గుటక నీళ్ళు మింగలేని మనిషి నా వెనక పల్లవి అందుకున్నది. భూస్థాపన నాడు ఆడవాళ్ళు పాడుతుంటే ఆమె మనుమలు మౌనంగా నిలబడ్డారు. ఒకడు ఫోనులో ఇంగ్లీషు అక్షరాల్లో ఆ పాట వెతుక్కుంటున్నాడు. అది దొరికేలోగా మట్టి వేయడం అయిపోయింది.

ఇటువంటివారి వేదాంతమంతా పాటలోనే ఉన్నది. దేవుడు నరుడెందుకైనాడని ఆ ముసలమ్మనడిగితే వివరించి చెప్పలేదు, పాడి చెప్పేది. పురుషోత్తమ చౌధరిగారు (1803–1890) మొదలైనవారు కీర్తనలకు రాగతాళాలు కట్టినది ఊరికే కాదు. పుస్తకం పట్టలేని చేతులకు అదే పుస్తకం. 1805లో విశాఖపట్నానికి వచ్చిన లండన్ మిషనువారు కూడా తెలుగు నేర్చి సువార్తలు తెనిగించే పనే ముందు పెట్టుకున్నారు. రోమను కత్తోలికుల పూజ శతాబ్దాల తరబడి లాటిన్‌లో సాగినది. 1963 డిసెంబరులో వాటికన్ మహాసభ ప్రజల భాషలకు తలుపు తీసింది. లోకమంతా అటు నడచివచ్చిన తరువాత మేము వెనక్కు నడవడమా?

“దేవునికి భాషాభేదమేమిటి తాతా?” అని మా మనుమడు అడుగుతాడు. దేవునికి లేదు, నిజమే. భేదం వినేవారికున్నది. పెంతెకొస్తు దినాన యెరూషలేములో కూడిన జనానికంతా ఒక్క భాష అర్థమయ్యేట్లు చేయడం పరిశుద్ధాత్మకు కష్టమా? అట్లా చేయలేదు. ఎవరి భాష వారికి వినిపించింది. నాకు తెలిసినంతలో ఇంతకన్న గట్టి జవాబు లేదు.

అయితే ఈ వాదం నాకే ఎదురు తిరుగుతుందని కూడా తెలుసు. నా చిన్నతనంలో ఆరాధన అంతా తెలుగే. కన్నడపు ఇళ్ళనుంచి వచ్చిన కోడళ్ళు ఏళ్ళ తరబడి మూగగా కూర్చున్నారు. అప్పుడు వారిని గురించి ఎవరమూ పత్రికలకు ఉత్తరాలు వ్రాయలేదు. కాబట్టి కన్నడ ఆరాధన రావడం న్యాయం, అది ఉండాలి. ఇదే జిల్లాలోని కల్యాణంలో పన్నెండో శతాబ్దంలో బసవేశ్వరుడు, శరణులు సంస్కృతాన్ని ప్రక్కన పెట్టి జనం మాట్లాడే కన్నడంలో దేవుని గురించి చెప్పారు. ఆ గడ్డమీద ఉండి కన్నడాన్ని కాదనడం తగదు. నా అభ్యంతరం ఇంగ్లీషుకోసం తెలుగును తీసివేయడానికి. ఇంగ్లీషులో తప్ప ప్రార్థన చేయలేనివారు మా సంఘంలో ఒక్కరూ లేరు. తెలుగులో తప్ప చేయలేనివారు పదిహేనుమందైనా ఉన్నారు.

పాస్టరుగారికి తెలుగు రాకపోవడం నిజమైన ఇబ్బంది. దానికి నెలకు రెండు వారాలు జహీరాబాదు వైపునుంచి ఒక తెలుగు బోధకుని పిలిపించుకోవచ్చు. బస్సు ఖర్చు మేము ముప్పైమందిమి వేసుకుంటాము. పిల్లల సంగతికి నాకు తోచినది ఇది. తెలుగు, కన్నడ లిపులు ఒకప్పుడు ఒకటే. క, త, శ వంటి కొన్ని అక్షరాలు తప్పితే ఇవాళ కూడా కన్నడం చదివేవాడికి తెలుగు కొద్దివారాల పని. సండే స్కూలులో అరగంట నాకిస్తే నేనే నేర్పుతాను. అంతదాకా ఏభై కీర్తనలు కన్నడ లిపిలో చిన్న పుస్తకంగా వేయించాలి. మాట తెలుగే, అక్షరం వారికి తెలిసినది. మా మనుమడి చేతికి అట్లా వ్రాసిన ఒక కాగితం ఇచ్చి చూశాను. పాడాడు, తప్పులు లేకుండా. అర్థం అడిగితే సగం చెప్పాడు. మిగిలిన సగం నన్నడిగాడు.

కమిటీ సమావేశం కోతపండుగ తరువాతి వారం. అక్కడ మాట్లాడేందుకు పది నిమిషాలు అడిగాను, ఇంకా జవాబు రాలేదు. ఇటువంటి పుస్తకం ఇదివరకే ఎక్కడైనా, హుమ్నాబాదులోగాని, గుల్బర్గాలోగాని, రాయచూరులోగాని, ఎవరైనా వేసి ఉంటే ఈ శీర్షికలోనే తెలియజేయ కోరుతున్నాను. చేసిన పనే మళ్ళీ చేయనక్కరలేకుండా పోతుంది.

బీదర్.
— ఒక సంఘ సభ్యుడు