దావీదును కొంతకాలం పక్కన పెట్టండి

క్రీస్తు పూర్వం ఏడో శతాబ్దం చివర్లో, మధ్యధరా తీరాన యవ్నె ఊరికి దగ్గర్లో ఉన్న ఒక చిన్న కోటకు ఒక కోతకూలీ ఫిర్యాదు తీసుకొచ్చాడు. రోజువారీ లెక్క ప్రకారం చేను కోశాడట. ధాన్యం కొలిచి కొట్లో పోశాడట. అయినా షోబాయ్ కొడుకు హోషయాహు వచ్చి అతని పైబట్ట లాక్కుపోయాడు. ఎండలో తనతోపాటు కోసిన తోటివాళ్లంతా సాక్ష్యం చెబుతారన్నాడు. తన తప్పు లేదన్నాడు. ఇప్పించాల్సిన బాధ్యత అధికారికి లేకపోతే కనీసం జాలిపడైనా బట్ట ఇప్పించమని వేడుకున్నాడు. పగిలిన కుండ పెంకు మీద సిరాతో రాసిన ఈ ఫిర్యాదు 1960లో తవ్వకాల్లో బయటపడింది. లాక్కుపోయినవాడి పేరుంది, వాడి తండ్రి పేరుంది. ఫిర్యాదు చేసినవాడి పేరు మాత్రం లేదు. చెప్పిన మాటే మళ్లీ మళ్లీ వస్తుంది. కూలీ ఆవేశంగా చెబుతుంటే లేఖరి అలాగే రాసుకుపోయాడని పండితులు అనుకుంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది.

ఆ బట్ట విలువేమిటో తెలియాలంటే నిర్గమకాండం ఇరవై రెండో అధ్యాయం చూడాలి. పొరుగువాడి పైబట్టను తాకట్టు పెట్టుకుంటే పొద్దుగూకేలోగా తిరిగి ఇచ్చెయ్యాలని అక్కడ శాసనం. రాత్రి కప్పుకోవడానికి పేదవాడికి ఉన్నది అదొక్కటే. ఇలా తాకట్టు పెట్టుకున్న బట్టలు పరుచుకుని బలిపీఠాల పక్కనే పడుకునే పెద్దమనుషుల మీద ఆమోసు ప్రవక్త ఎనిమిదో శతాబ్దంలోనే మండిపడ్డాడు. కోతకూలీ మాత్రం తన ఫిర్యాదులో ఏ శాసనాన్నీ, ఏ ప్రవక్తనూ ఎత్తలేదు. తన పని, తన సాక్షులు, తన బట్ట, అంతే.

ప్రాచీన ఇశ్రాయేలు ప్రపంచం మీద చారిత్రక నవల రాయాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి ఆరంభం నాకు కనిపించదు. వాది, ప్రతివాది, సాక్షులు, అధికారి, మధ్యలో చదువొచ్చిన లేఖరి, అందరూ ఉన్నారు. తీర్పేమిటో మనకు తెలియదు కాబట్టి కథ మొత్తం నవలాకారుడి చేతిలోనే ఉంది. కానీ నూటికి తొంభైమంది రాజుల దగ్గరికే పోతారు. అందులోనూ దావీదు దగ్గరికి. గ్లాడిస్ ష్మిట్ 1946లో రాసింది, జోసెఫ్ హెల్లర్ 1984లో రాశాడు, జెరాల్డిన్ బ్రూక్స్ 2015లో నాతాను ప్రవక్త నోట చెప్పించింది. చెయ్యి తిరిగినవాళ్లే అందరూ. అయినా దావీదు కథలో నవలాకారుడికి మిగిలింది చాలా తక్కువని నా అభిప్రాయం. సమూయేలు గ్రంథాలు రాసినవాళ్లు ఆ పని ముందే చేసేశారు. రాజు వ్యభిచరించిన స్త్రీ భర్త ఊరియాను యుద్ధరంగం నుంచి పిలిపిస్తే అతను ఇంటికి వెళ్లకుండా రాజు గుమ్మం దగ్గరే పడుకోవడం, తన చావు ఉత్తరం తానే మోసుకుని సేనాపతి దగ్గరికి వెళ్లడం, పేదవాడి ఒక్క గొర్రెపిల్ల కథ చెప్పి నాతాను రాజును నిలువునా పట్టేయడం, వీటికి రంగులద్దితే పలచబడతాయే తప్ప చిక్కబడవు. చుట్టుపక్కల రాజులు తమ శాసనాల్లో ఏం రాయించుకున్నారో కూడా చూడాలి. యూదాలో 46 ఊళ్లు పట్టుకున్నానని, యెరూషలేములో రాజు హిజ్కియాను పంజరంలో పక్షిలా బంధించానని అష్షూరు రాజు సన్హెరీబు చాటుకున్నాడు. ఇశ్రాయేలీయులు తమ రాజుల్లో అందరికంటే గొప్పవాడు చేసిన వ్యభిచారాన్ని, హత్యను దాచకుండా రాసి పెట్టుకున్నారు.

దావీదు మీద రాసినవాళ్లలో స్టెఫాన్ హైమ్ దారి వేరు. హిట్లర్ జర్మనీ నుంచి పారిపోయి, అమెరికా సైన్యంలో పనిచేసి, చివరికి తూర్పు జర్మనీలో స్థిరపడ్డ యూదు రచయిత ఆయన. 1972లో వచ్చిన ‘దావీదు రాజు నివేదిక’ నవలలో దావీదు అప్పటికే చనిపోయాడు. తండ్రి చరిత్రను ప్రభుత్వం తరఫున రాయించడానికి సొలొమోను ఒక సంఘం వేస్తాడు. ఏతాను అనే చరిత్రకారుడు సాక్షుల్ని వెతుక్కుంటూ తిరుగుతాడు. నిజం దొరికేకొద్దీ అతనికి ముప్పు పెరుగుతుంది. సెన్సారు కింద బతికిన మనిషి రాసిన పుస్తకమని ప్రతి పేజీలో తెలుస్తుంది. అది ముందు పశ్చిమ జర్మనీలోనే అచ్చయింది. హైమ్ రాజును వదిలిపెట్టి రాసేవాడిని పట్టుకున్నాడు. నవల నిలబడింది అందుకే.

అసలు హీబ్రూలో వచ్చిన తొలి నవలే ప్రాచీన ఇశ్రాయేలు మీద రాసిన చారిత్రక నవల. అబ్రహాం మాపు 1853లో ప్రచురించిన ‘అహవత్ సియోన్’. ఆహాజు, హిజ్కియా రాజుల కాలపు కథ. లిత్వేనియాలోని కోవ్నోలో పిల్లలకు పాఠాలు చెప్పుకుని బతికిన మాపు పాలస్తీనా గడ్డ మీద ఎన్నడూ అడుగు పెట్టలేదు. ద్రాక్షతోటలు, కొండలు, సెలయేళ్లు అన్నీ గ్రంథం చదివి ఊహించుకున్నవే. రష్యా సామ్రాజ్యంలోని ఇరుకు వీధుల్లో పెరిగిన యూదు యువకులకు ఆ పుస్తకం ఆరుబయలు గాలి పీల్చినట్టు అనిపించి ఉంటుంది. సియోనువాదానికి అదొక ప్రేరణ అయిందని చరిత్రకారులు రాశారు. అంత గౌరవం ఉన్నా ఒక మాట చెప్పాలి. గొర్రెలకాపరిగా పెరిగిన కథానాయకుడు చివరికి గొప్పింటి బిడ్డేనని తేలతాడు. గొర్రెలకాపరి గొర్రెలకాపరిగానే ఉండి కథానాయకుడు కాకూడదా?

థామస్ మన్ సంగతి వేరు. 1926లో మొదలుపెట్టి 1943లో ముగించిన ‘యోసేపు, అతని సోదరులు’ నాలుగు సంపుటాల్లో ఆదికాండంలోని కొన్ని అధ్యాయాలను వందల పేజీలకు విస్తరించాడు. మధ్యలో దేశం పోయింది, ఇల్లు పోయింది, పని మాత్రం ఆగలేదు. ఐగుప్తు గురించి ఆయన చదివిందంతా నవలలో కలిసిపోయి ఉంటుంది, ఎక్కడా పాఠంలా పైకి తేలదు. అంత ఓపిక అందరికీ ఉండదు. అయినా ఈ కాలం గురించి రాసేవాళ్లు కనీసం కొన్ని వస్తువుల్ని చేత్తో పట్టుకున్నంత దగ్గరగా తెలుసుకోవాలి.

ఉదాహరణకు వెండి. దావీదు కాలంలో నాణేలు లేవు. వెండిని తూకం వేసి ఇచ్చేవాళ్లు. తులం అంటే సుమారు 11 గ్రాములు. అబ్రాహాము శారా సమాధి కోసం హిత్తీయుడైన ఎఫ్రోనుకు 400 తులాలు తూచి ఇచ్చాడని ఆదికాండంలోనే ఉంది. తవ్వకాల్లో గుర్తులు చెక్కిన తూకపు రాళ్లు దొరికాయి. సంతలో రాళ్లు, త్రాసు, వెండి ముక్కలు ఉన్నచోట మోసానికి, బేరానికి, తగాదాకు ఎంత చోటుందో ఆలోచించండి. ఆమోసు తిట్టిన దొంగ త్రాసులు ఇవే. నాణేల సంచి విసిరేయించే నవలాకారుడు ఇదంతా పోగొట్టుకుంటున్నాడు.

ఒంటెల విషయం ఇంకాస్త చిక్కు. ఆదికాండంలో అబ్రాహాముకు ఒంటెలున్నాయి. ఆ దేశంలో బరువులు మోసే ఒంటెలు క్రీస్తు పూర్వం పదో శతాబ్దం చివరి నుంచే కనిపిస్తాయని తిమ్నా లోయలో దొరికిన ఎముకల్ని పరీక్షించిన టెల్ అవీవ్ పురావస్తు పండితులు చెప్పారు. మరి నవలలో ఒంటె ఉండాలా, వద్దా? అబ్రాహాము కాలంలో నిలబడి రాస్తున్నాడా, ఆ కథను తరతరాలుగా చెప్పుకున్న జనం కాలంలో నిలబడి రాస్తున్నాడా అన్నది రచయిత ముందే తేల్చుకోవాలి. రెండోదైతే ఒంటెను నిశ్చింతగా ఉంచుకోవచ్చు.

న్యాయాధిపతుల గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో తేబేసు ఊరి బురుజుకు నిప్పు పెట్టడానికి అబీమెలెకు వస్తాడు. పైనుంచి ఒక స్త్రీ పిండి విసిరే పై రాయిని వాడి తల మీద పడేస్తుంది. ఆ కాలంలో గుండ్రంగా తిరిగే తిరగలి ఇంకా రాలేదు. మన సన్నికల్లు, పొత్రం లాగా అడుగున పలక, పైన రెండు చేతులతో ముందుకూ వెనక్కూ తోసే రాయి. ఇంటికి సరిపడా పిండి కావాలంటే ఆడవాళ్లు రోజూ గంటల తరబడి దాని ముందు మోకాళ్ల మీద కూర్చోవాలి. శత్రువు వస్తే ప్రాణాలు దక్కించుకోవడానికి బురుజెక్కిన ఆ మనిషి ఆ రాయిని వెంట తీసుకుపోయింది. ముట్టడి ఎన్నాళ్లు సాగినా పిల్లలకు రొట్టె కావాలి కదా. నవల ఇక్కడుంది. పుర్రె పగిలిన అబీమెలెకు, ఆడదాని చేతిలో చచ్చాడని లోకం అనకూడదని తన ఆయుధాలు మోసేవాణ్ణి పిలిచి కత్తితో పొడిపించుకుంటాడు. తరతరాల తర్వాత కూడా దావీదు సేనాపతి యోవాబు నోట ఆ చావు ఆడదాని రాయి పేరుతోనే వినిపిస్తుంది. ఆమె పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆడవాళ్ల వైపు నుంచి రాసిన వాటిలో అనితా డయమంట్ ‘ది రెడ్ టెంట్’ బాగా పేరు తెచ్చుకుంది. 1997 నాటిది. యాకోబు కూతురు దీనా తన కథ తానే చెబుతుంది. బహిష్టు రోజుల్లో ఆడవాళ్లంతా చేరే ఎర్ర గుడారం ఇశ్రాయేలీయుల్లో ఉన్నట్టు ఆధారం లేదు, అది రచయిత్రి ఊహ. ఆ ఊహ మీద నాకు ఫిర్యాదు లేదు. మంత్రసానుల పని గురించి ఆమె రాసిన పేజీలు ఈ రకం నవలల్లో చాలా అరుదు. నాకు మనసొప్పనిది ఒక్కటే. ఆదికాండం 34లో దీనా మీద జరిగిన బలాత్కారాన్ని ఆమె ప్రేమగా మార్చింది. ఆ అధ్యాయంలో తండ్రి, అన్నలు, బలాత్కారం చేసిన షెకెము, వాడి తండ్రి అందరూ మాట్లాడతారు, దీనా ఒక్క మాట మాట్లాడదు. ఆమెకు మాట ఇవ్వడం రచయిత్రి చేసిన పెద్ద పని. ఆ దెబ్బను దెబ్బగానే ఉంచి మాట ఇచ్చి ఉంటే ఇంకా పెద్ద పని అయ్యేది.

పవిత్ర గ్రంథంలో లేనిది కల్పించడం తప్పు కాదా అని అడిగే విశ్వాసులు మన ఊళ్లలోనూ ఉన్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ పని మొదలుపెట్టింది నవలాకారులు కాదు. అబ్రాహాము తన తండ్రి దుకాణంలో విగ్రహాలు పగలగొట్టిన కథ చాలామందికి తెలుసు. అది బైబిల్లో లేదు, యూదు రబ్బీలు చెప్పిన వ్యాఖ్యాన కథల్లో ఉంది. గ్రంథం చెప్పకుండా వదిలిన చోట్ల ప్రశ్న వేసి, కథతో జవాబు చెప్పడం వాళ్ల భక్తిలో భాగం. మన పాఠకులకూ ఇది కొత్త కాదు. ఓల్గా ‘విముక్త’లో శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ సీతతో మాట్లాడారు.

నాకు నిజంగా భయం వేసేది మరోచోట. కనాను మీద యెహోషువ చేసిన దండయాత్రల గురించి రాసే నవలలు చాలావరకు గెలిచినవాళ్ల గుడారంలోనే కూర్చుని ఉంటాయి. 1950లలో యెరికోను తవ్విన కాథ్లీన్ కెన్యన్‌కు ఆ దండయాత్ర జరిగిందనుకునే కాలానికి చెందిన ప్రాకారాలు దొరకలేదు. గోడల లోపల ఉన్నారని గ్రంథమే చెప్పే జనం మాటేమిటి? ఇవాళ కూడా ఆ నేల కోసం మనుషులు చనిపోతున్నారు. నవలను భూమి పట్టాగా వాడుకునేవాళ్లు ఉన్నప్పుడు, కనానీయుల ఇళ్లలోకి కూడా వెళ్లకుండా ఆ కథ రాయడం అన్యాయం.

నన్నడిగితే రాయాల్సిన నవల, దావీదుకు ముందు రాజైన సౌలు ఉపపత్ని రిస్పాది. రెండో సమూయేలు 21లో ఉంది. మూడేళ్ల కరువు. సౌలు చంపిన గిబియోనీయుల రక్తమే దానికి కారణమని దావీదు సౌలు ఇంటి మగవాళ్లను ఏడుగురిని వాళ్లకు అప్పగించాడు. ఇద్దరు రిస్పా కొడుకులు, ఐదుగురు సౌలు కూతురి కొడుకులు. యవల కోత మొదలైన రోజుల్లో కొండ మీద వాళ్లను ఉరితీశారు. రిస్పా గోనెపట్ట తెచ్చి బండ మీద పరుచుకుంది. పగలు పక్షుల్ని, రాత్రి అడవి మృగాల్ని ఆ శవాల మీద వాలనివ్వలేదు. వాన పడేదాకా. ఆ దేశంలో యవల కోత మార్చి, ఏప్రిల్ నెలల్లో మొదలవుతుంది. వానలు మళ్లీ మొదలయ్యేది అక్టోబరులో. ఉరితీసిన శవాన్ని ఆ రోజే పాతిపెట్టాలని ద్వితీయోపదేశకాండం శాసనం, దాన్ని మీరింది రాజే. ఏడు శవాల్లో రెండే ఆమెవి. మిగిలిన ఐదింటినీ కూడా ఆమే కాసింది. ఆమెకు నీళ్లు ఎవరు మోసుకొచ్చారు? కింద పొలాల్లో కోత కోసేవాళ్లు తలెత్తి చూశారా? గిబియోను ఊరివాళ్లకు, తమవాళ్లను పోగొట్టుకున్నవాళ్లకు, ఆమె ఎలా కనిపించింది? వాళ్ల దుఃఖం కూడా నిజమే కదా. గ్రంథంలో రిస్పా ఒక్క మాట కూడా మాట్లాడదు. ఆమె చేసింది విన్నాకే దావీదు కదిలి సౌలు, అతని కొడుకు యోనాతానుల ఎముకలు తెప్పించాడు, ఉరితీసినవాళ్ల ఎముకలు ఏరించాడు.

చెంఘిజ్‌ఖాన్ గురించి తెన్నేటి సూరి రాస్తే తెలుగువాళ్లు మంగోలు గడ్డిమైదానాల్ని పరాయివి అనుకోకుండా చదివారు. రిస్పా పేరు అంతకంటే మనకు దగ్గర, ఆదివారం వాక్యంలో వినేవాళ్లు ఊరూరా ఉన్నారు. ఎవరైనా తెలుగులో రాయడానికి పూనుకుంటే నాదొక మనవి. పేరు లేనివాళ్లకు పేర్లు పెట్టక తప్పదు. అవి ఆ కాలపు ముద్రల మీద, లాకీషు లాంటి చోట్ల దొరికిన పెంకు ఉత్తరాల మీద కావలసినన్ని ఉన్నాయి: గెమర్యాహు, ఎల్యాషీబు. కోతకూలీకి వాటిలో ఒకటి ఇవ్వండి. ఇచ్చాక, ఆ పేరు మీరు పెట్టిందేనని, పెంకు మీద లేదని, పుస్తకం చివర ఒక పేజీలో రాయండి.