మేము, మనము: క్రియాంతాల సాక్ష్యం

'వయం గచ్ఛామః' అన్న వాక్యాన్ని తెనిగించే అధ్యాపకుడు 'మేము' అనాలో 'మనము' అనాలో నిర్ణయించుకోక తప్పదు. శ్రోతను కలుపుకొనడం, విడిచిపెట్టడం అనే భేదం 'వయం' శబ్దానికి లేదు. తెలుగు సర్వనామానికి ఉంది గాని క్రియకు లేదు. రెండింటికీ 'పోవుచున్నాము' ఒక్కటే.

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కితే, అరకు ప్రాంతపు కొండదొరల కూబి భాషలో ఈ భేదం క్రియలో సైతం నిలిచి ఉంది. 'మాప్' అనగా మేము. దాని క్రియాంతం 'అప్'. 'మాట్' అనగా మనము. దాని క్రియాంతం 'అట్'. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1969లో ప్రకటించిన కొండ భాషా వ్యాకరణం దీనికి ఆధారం.

లాటిన్ సంతతి భాషల్లోనూ ఇటువంటి పొత్తు కనిపిస్తుంది. స్పానిష్‌లో క్రియాంతం స్పష్టం కనుక సర్వనామాన్ని విడువవచ్చు. ఫ్రెంచి ఉచ్చారణలో క్రియాంతాలు చాలావరకు లోపించాయి కనుక సర్వనామం తప్పనిసరి అయింది. తెలుగులో కర్తను విడిస్తే మేమో మనమో తెలియదు, కూబిలో తెలుస్తుంది.

తెలుగు క్రియను సంస్కృత తిఙంతాలతో మాత్రమే పోల్చి చూడడం చాలదు. తత్సమ పదజాలానికి సంస్కృతం ప్రమాణమే. క్రియాంతాల చరిత్రకు మాత్రం సోదర భాషలే సాక్షులు. కొండదొరలలో చాలామంది ఇప్పటికే తెలుగుకు మారారు. ఆ భాష అంతరిస్తే నష్టం వారిది మాత్రమే కాదు, తెలుగు వ్యాకరణానిది కూడా. కావున ప్రాచ్య కళాశాలల్లో తెలుగు క్రియారూపాల సరసనే కూబి రూపాలనూ బోధించడం అవసరం. ఆ భాషీయులనే ఇందుకు ఆచార్యులుగా ఆహ్వానించడం ఉచితం.