తల్లులకు బోధించు పత్రికలు

తొలిచూలు బిడ్డ పుట్టిన యింట ఉపదేశకులకు కొదువ యుండదు. ఉగ్గు పోయుమని యొకరు, వలదని యొకరు; ఎత్తుకొనిన అలవాటగునని యొకరు, ఏడ్చుచుండ విడిచిన పాపమని యొకరు. మన యిండ్లలో ఈ వివాదము అమ్మమ్మకును నాయనమ్మకును నడుమ పురిటిగది గడపయొద్ద జరిగి, బాలసారెనాటికి సద్దుమణుగును. అమెరికా దేశమున నదే వివాదము పత్రికల నడుమ పుట్టి దశాబ్దములకొలది సాగినది. ఒకవంక వైద్యుల సమ్మతితోడను, వర్తకుల ప్రకటనలతోడను లక్షలకొలది ప్రతులు వెలువరించిన బహుళప్రచార పత్రికలు. ఇంకొకవంక ప్రకృతిమార్గమే తల్లికి శరణ్యమని ఘోషించిన ప్రత్యామ్నాయ పత్రికలు. వీనిలో దేనిని నమ్మవలెనను ప్రశ్నను దూరదేశపు ముచ్చటయని మనము త్రోసివేయరాదు. ఆ దేశమున లక్షలకొలది తెలుగువారు కాపురము చేయుచున్నారు. అచట పుట్టిన వాదములు నేడు తెలుగు మాటలు తొడిగికొని మన తల్లుల చేతిఫోనులలో ప్రత్యక్షమగుచున్నవి. కావున ఉభయపక్షముల గుణదోషములను విచారించుట మన విధియని తలంచుచున్నాము.

1926లో జార్జి హెక్ట్ అను వ్యాపారి 'చిల్డ్రన్' అను మాసపత్రికను నెలకొల్పెను. పిదప 'పేరెంట్స్' అను పేర జగత్ప్రసిద్ధి గాంచిన పత్రిక యదియే. క్లారా సావేజ్ లిటిల్‌డేల్ అను విదుషీమణి దాదాపు ముప్పదియేండ్లు దానికి సంపాదకురాలుగా నుండెను. పల్లెలు విడిచి పట్టణములు చేరిన యువదంపతులకు చెంత పెద్దముత్తైదువ లేదు. బిడ్డకు జ్వరము వచ్చిన నేమి చేయవలెనో, పాలు ఎప్పుడు మాన్పింపవలెనో చెప్పువారు లేరు. ఆ లోటును పత్రిక తీర్చినది. శాస్త్రజ్ఞుల గ్రంథములలో దాగియున్న విజ్ఞానమును సామాన్యగృహిణి వంటయింటికి చేర్చిన ఘనత ఇట్టి పత్రికలదే. ఆ మేలును ఎవ్వరును కాదనజాలరు.

కాని శాస్త్రమను పేర నాడు చెలామణియైన దంతయు శాస్త్రము కాదు. 1928లో జాన్ వాట్సన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు తల్లులకొక గ్రంథము వ్రాసి, బిడ్డను ముద్దాడరాదనియు, ఒడిలో కూర్చుండబెట్టుకొనరాదనియు, ఉదయమున చేయి కలిపిన చాలుననియు బోధించెను. ఆకలిని గాక గడియారమును చూచి పాలిమ్మనిన ఉపదేశములు ఆ కాలమున ఇంటింట మ్రోగినవి. ప్రసూతి ఆసుపత్రులలో పుట్టిన బిడ్డను తల్లికి దూరముగా వేఱొక గదిలో నుంచుట ఆచారమైనది. పోతపాలు నాగరకతా చిహ్నమైనవి. తుదకు 1971 నాటికి అమెరికాలో పుట్టిన బిడ్డలలో చనుబాలు త్రాగుట మొదలిడినవారు సుమారు నలుగురిలో నొకరు మాత్రమే. తల్లి తన రొమ్మును తాను నమ్మలేని దుర్దశ దాపురించినది.

ఈ దుర్దశపై తిరుగుబాటుగా ప్రత్యామ్నాయోద్యమము జనించినది. 1956లో ఇల్లినాయిస్ రాష్ట్రమున ఏడుగురు తల్లులు కూడి 'లా లేచె లీగ్' అను సంఘమును స్థాపించి, తల్లికి తల్లియే సాయమై చనుబాలిచ్చు నేర్పును మరల నేర్పిరి. 1976లో కొలరాడో రాష్ట్రమున 'మదరింగ్' అను పత్రిక వెలసినది. 1980లో పెగ్గీ ఓమారా దాని భారమును వహించి, అచ్చుపత్రిక నిలిచిన 2011 వఱకును నడపెను. ఇంటిపురుడు, మంత్రసానితనము, చనుబాలు, గుడ్డచిరుగుల తుండ్లు, బిడ్డను ఒంటికి కట్టుకొని తిరుగుట – మన అవ్వలకు నిత్యకృత్యములైన యీ పనులన్నియు అచట విప్లవములై చర్చకు వచ్చినవి. వైద్యులు నవ్విరి. కాని చనుబాల విషయమున వైద్యులే దారికి వచ్చిరి. 1997లో అమెరికా శిశువైద్యుల పరిషత్తు కనీసము ఏడాది నిండువఱకు తల్లిపాలిమ్మని సలహా చెప్పినది. ఈ విజయమున ప్రత్యామ్నాయ పక్షమునకు పాలు కలదని మేము నిస్సంకోచముగా నొప్పుకొందుము.

బహుళప్రచార పత్రికలపై ప్రతిపక్షులు మోపు నేరములలో బలమైనది ఒకటే: అన్నము పెట్టు చేతిని అవి కఱవలేవు. ఒక పుటలో చనుబాల మహిమ, ఎదుటి పుటలో పాలపొడి డబ్బా బొమ్మ! ఇందులో దేనిని నమ్మవలెను? ఇది నవ్వి విడువదగిన విషయము కాదు. 1939లోనే సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు సింగపూరున, డబ్బాపాల వలన పసికందులు చచ్చుటను హత్యగా నెంచవలెనని సభాముఖమున ఎలుగెత్తి చాటెను. పరిశుభ్రమైన నీరు లేని యింట, డబ్బా త్వరగా నిండుకొనునని పలుచగా కలిపిన పాలు బిడ్డకు విరేచనములును కృశత్వమును తెచ్చుననుట కంటికి కనబడు సత్యము. అయినను వర్తకము ఆగలేదు. 1981లో ప్రపంచారోగ్యసభ తల్లిపాలకు బదులుగా అమ్ము వస్తువుల వ్యాపారమునకు నియమావళి నేర్పఱచినపుడు 118 దేశములు అనుకూలముగా వోటు చేసినవి. వ్యతిరేకించిన దేశమొక్కటే, అది అమెరికా. భారతదేశము 1992లో శాసనము చేసి, 2003లో దానిని బిగించి, రెండేండ్లలోపు బిడ్డల డబ్బాపాలకును ఆహారములకును, పాలసీసాలకును ప్రకటన లేకుండ నిషేధించినది. పాలడబ్బాపై తల్లి బొమ్మగాని బిడ్డ బొమ్మగాని వేయరాదని శాసించినది. హైదరాబాదులోని తల్లి కీ శాసనపు అండ కలదు. న్యూజెర్సీలోని ఆమె చెల్లెలికి లేదు. సంపదలో మనకు మిన్నయైన దేశము ఈ యొక్క ధర్మమున మనకంటె వెనుకబడినదని చెప్పుటకు మేము జంకము.

ఇంతవఱకు చదివిన పాఠకుడు మేము ప్రత్యామ్నాయ పక్షమున చేరితిమని తలంపవచ్చును. తొందరపడవలదు. వర్తకుని లోభము కనబడునది; ఆవేశపరుని మూర్ఖత కనబడనిది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనువాడు ఎంతటి నిస్స్వార్థపరుడైనను ప్రమాదకారియే. చనుబాల విషయమున వైద్యులు పొరబడిరి గావున అన్ని విషయములందును పొరబడుదురను తర్కము ఆ పత్రికలలో క్రమక్రమముగా వేరూనినది. 1994లో ఎ.జెడ్.టి. అను ఔషధము, హెచ్.ఐ.వి. గల గర్భిణినుండి బిడ్డకు ఆ వ్యాధి సోకుటను మూడింట రెండువంతులు తగ్గించునని పరీక్షాపూర్వకముగా తేలెను. ఆ సంగతి లోకమునకు తెలిసిన ఏడేండ్లకు, 2001లో 'మదరింగ్' పత్రిక హెచ్.ఐ.వి. వలన ఎయిడ్స్ రాదని వాదించు ఒక గర్భవతి చిత్రమును ముఖపత్రమున ప్రకటించినది. ఆమె నిండుకడుపుపై ఆ మందును నిషేధించు గుర్తు. ఆ గర్భమున నున్న ఆడుబిడ్డ మూడేండ్లు నిండి, నాలుగవ యేడు నిండకమునుపే 2005లో మరణించెను. ఎయిడ్స్ సంబంధమైన న్యుమోనియాయే కారణమని లాస్ ఏంజిలిస్ మరణవిచారణాధికారి నిర్ణయించెను. కుటుంబము వారు దాని నంగీకరింపలేదు. 2008లో తల్లియు గతించెను. ఈ వృత్తాంతమును వ్రాయుటకు మాకు చేయి రాకున్నది. ఆ తల్లిని నిందించుట మా యుద్దేశము కాదు. తన బిడ్డకు మేలే తలంచినది. ముఖపత్రమును సిద్ధపఱచిన సంపాదకవర్గమును మాత్రము అడుగక తప్పదు: మీ మాట తప్పైనచో, ఆ తప్పునకు మూల్యము చెల్లించునది ఎవరు?

టీకాల విషయము ఇట్టిదే. 1998లో లండనునగరపు 'లాన్సెట్' పత్రికలో టీకాకును ఆటిజమువంటి వికాసలోపములకును సంబంధమున్నట్లు సూచించు వ్యాసమొకటి వెలువడెను. 2010లో ఆ పత్రిక దానిని ఉపసంహరించుకొనెను. పండ్రెండేండ్లు! విత్తిన అనుమానము అంతలో మానై పెరిగినది. 2000లో తట్టువ్యాధిని తమ దేశమునుండి పాఱద్రోలితిమని అమెరికా ప్రకటించుకొనెను. 2019లో అచటనే 1,274 మందికి ఆ వ్యాధి సోకెను. 'మేము ప్రశ్నించితిమేగాని వలదనలేదు' అని ప్రత్యామ్నాయ పత్రికలు సమాధానము చెప్పును. ప్రశ్నించుట పాత్రికేయుని హక్కు. కాని వచ్చిన సమాధానమును ప్రకటింపక, ప్రశ్ననే మరల మరల ముద్రించుట ప్రశ్నించుట కాదు.

అయినచో వైద్యులు పొరబడనేలేదా? ఘోరముగా పొరబడిరి. 1946లో మొదట వెలువడి లక్షలాది యిండ్లలో వేదమై నిలిచిన డాక్టరు స్పాక్ గ్రంథము, తరువాతి ముద్రణలలో పసిబిడ్డను బోరగిల పరుండబెట్టుమని చెప్పెను. అది నిదురలో ఆకస్మికమరణమునకు దారి తీయునని పిమ్మట తేలినది. 1994లో అమెరికాలో బిడ్డను వెల్లకిల పరుండబెట్టుడని దేశవ్యాప్తముగా ప్రచారము చేయగా, అట్టి మరణములు కొద్దియేండ్లలోనే సగమునకు తగ్గినవి. ఇందలి నీతి ఏమి? తప్పు చేయని పక్షము లేదు. కాని మరణములను లెక్కించి, లెక్క తమకు ప్రతికూలమైనపుడు తల వంచి, నిన్న చెప్పినది తప్పని నేడు చాటగల పద్ధతి యొకటి వైద్యమునందు కలదు. అది ఆలస్యముగా పనిచేయును, అభిమానము అడ్డుపడును, అయినను పనిచేయును. దిద్దుకొను ద్వారము మూసికొన్న మతమునకు, అది ఎంత ప్రకృతిసిద్ధమని పేరు పెట్టుకొన్నను, అట్టి గతి లేదు.

ఉభయపక్షములందును కనబడు మఱియొక దోషమును చెప్పక విడువరాదు. రెండు తెగల పత్రికలును బరువంతయు తల్లి నెత్తిపైననే మోపినవి. పాలు పడని తల్లి, రోగపీడితయైన తల్లి, నెల తిరుగకమునుపే కొలువునకు పోవలసిన తల్లి – ప్రత్యామ్నాయ పత్రిక తెఱచినచో తాను ద్రోహినని కుమిలిపోవును. బహుళప్రచార పత్రిక తెఱచినచో తాను కొనలేని వస్తువులు చూచి నిట్టూర్చును. 1993 నాటి అమెరికా శాసనము పండ్రెండు వారముల సెలవు నిచ్చినది గాని, ఆ సెలవునకు జీతము నియ్యలేదు. జీతము లేని సెలవుతో చనుబాలెట్లు సాగును? మన దేశమున 2017 సవరణ ఇరువదియాఱు వారముల జీతపు సెలవును విధించినది. కాని పొలమున నాటు వేయు తల్లికి, ఇటుకబట్టీలో మట్టి త్రొక్కు తల్లికి అది అందని మ్రానిపండే. ఇట్టి సంగతులను వ్రాయని శిశుపోషణపత్రిక, ఏ తెగకు చెందినను, సగము పత్రికయే.

ఇక మనమాట. మనకును ఈ సంప్రదాయము క్రొత్తది కాదు. 1883లోనే వీరేశలింగం పంతులుగారు స్త్రీల కొఱకు 'సతీహితబోధిని'ని వెలువరించిరి. 1928లో డాక్టరు కె. ఎన్. కేసరిగారు చెన్నపట్టణమున 'గృహలక్ష్మి'ని స్థాపించిరి. కేసరిగారు స్త్రీల ఔషధముల నమ్మినవారు. ఆ సంగతి పాఠకలోకమునకు తెలిసినదే. పత్రికకు వర్తకుని ధనము తగులుట తప్పు కాదు. తగిలినదని పాఠకురాలికి తెలియకపోవుట తప్పు. అట్లే మన పూర్వాచారములన్నియు పసిడియనియు భ్రమింపరాదు. పుట్టిన బిడ్డకు ప్రాణరక్షకములైన ముఱ్ఱుపాలను పిండి పాఱబోసి, తేనె నాకించిన ఆచారము మన యిండ్లలో నుండినదే. ఆ తప్పును మన అవ్వలు చూపలేదు. వైద్యులును, ఇల్లిల్లు తిరిగిన ఆరోగ్యకార్యకర్త్రులును చూపిరి.

2011లో 'మదరింగ్' అచ్చు నిలిచినది. 2022లో 'పేరెంట్స్' అచ్చును నిలిచినది. ఉభయులును అంతర్జాలమునకు తరలిరి. యుద్ధము ముగిసినదని సంతసింపవలదు. ఆ పత్రికలకు సంపాదకుడను నొకడుండెను, చిరునామా యుండెను. తప్పు వ్రాసినచో నిలదీయుటకు చోటుండెను. నేడు చేతిఫోనులో బోధించు గురువునకు పేరు లేదు, ఊరు లేదు. వాడు ప్రకటనకు సొమ్ము పుచ్చుకొనెనో లేదో తెలియదు.

కావున మా సలహా స్వల్పము. ఏ పత్రికను, ఏ బోధకుని ఎదుర్కొన్నను తల్లిదండ్రులు మూడు ప్రశ్నలు వేయవలెను. నీ కూలి ఎవరిచ్చుచున్నారు? నీ మాట తప్పైనచో నష్టపోవునది ఎవరు? నీవు నిన్న చేసిన తప్పును నేడు అచ్చులో ఒప్పుకొంటివా? ఉయ్యాలలో నూపుట, ఒంటికి కట్టుకొనుట, గుడ్డ చుట్టుట మొదలగువానియందు ఎవరి యింటి తీరు వారిది. అందు పత్రికల తీర్పు అనవసరము. టీకా, మందు, పరుండబెట్టు విధము – వీనియందు మాత్రము అభిరుచికి తావు లేదు. లెక్క చూపగలవాని మాటయే ప్రమాణము. పఠనమందిరముల నిర్వాహకులు ఉభయపక్షముల వ్రాతలను ప్రక్కప్రక్కన నుంచి, నెలకొకమాఱు ఊరి వైద్యురాలిని పిలిచి తల్లుల సందేహములు తీర్పింపుడు. తండ్రులును వచ్చి వినుడు; ఆ బిడ్డ మీకును బిడ్డయే.

వర్తకుడు బిడ్డను ఖాతాదారునిగా చూచును. మతావేశుడు బిడ్డను తన వాదమునకు సాక్ష్యముగా చూచును. బిడ్డను బిడ్డగా చూచు పత్రిక తెలుగునాట నింకను పుట్టవలసియున్నది.