పార్శిళ్ల కాపలా పెద్దల పని కాదు

దీపావళి కొనుగోళ్ల రోజుల్లో న్యూజెర్సీలోని మన సంఘ సభ్యులు కొందరి అపార్ట్‌మెంట్ లాబీల నుంచి పార్శిళ్లు మాయం కావడం, వాటిలో విజయవాడ నుంచి వచ్చిన ఆవకాయ, కందిపొడి డబ్బాలతో పాటు రెన్యువల్ అయిన పాస్‌పోర్టు కవరు కూడా ఉండటం సంఘంలో కలకలం రేపింది. అయితే ఆ దొంగతనాల కంటే, వాటికి భయపడి అనేక కుటుంబాలు పట్టుకున్న ఉపాయమే సంపాదకవర్గానికి ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది.

విజిటర్ వీసాపై వచ్చిన తల్లిదండ్రులను పగలంతా బజర్ దగ్గర కాపలా పెట్టడమే ఆ ఉపాయం. బజర్ అంటే కింద వీధి తలుపు వద్ద ఎవరైనా మీట నొక్కినప్పుడు ఇంట్లోంచే ఆ తాళం తీసే ఏర్పాటు. దానితో తెరుచుకునేది ఒక్క ఇల్లు కాదు, భవనమంతా. స్పీకర్‌లో వినిపించిన ఇంగ్లీషు సగమే అర్థమై, "డెలివరీ" అన్న మాట చెవిన పడగానే, వచ్చినవారిని బయట నిలబెట్టడం మర్యాద కాదనుకునే పెద్దలు తలుపు తీస్తారు. వారిని తప్పుపట్టే హక్కు ఆ బాధ్యతను వారి నెత్తిన పెట్టిన పిల్లలకు లేదు. పైగా వృద్ధులను ఫోన్‌లో మోసగించి, వారి నగదును, బంగారాన్ని పట్టుకుపోవడానికి కొరియర్లను పంపే ముఠాల గురించి ఎఫ్‌బీఐ 2024 జనవరిలోనే హెచ్చరించింది గనుక, కొరియర్ అనగానే తలుపు తీసే అలవాటును ఇంట్లో పెంచడం ప్రమాదకరం.

పార్శిల్ ఇంటిదాకా రాకుండానే అందుకునే మార్గాలు ఉన్నాయి. కోడ్‌తో తెరుచుకునే అమెజాన్ లాకర్‌కు గానీ, యూపీఎస్, ఫెడెక్స్ పికప్ కేంద్రాలకు గానీ మళ్లిస్తే ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకోవచ్చు. ఊరెళ్లేవారు యూఎస్‌పీఎస్ 'హోల్డ్ మెయిల్' ద్వారా 3 నుంచి 30 రోజుల వరకు తపాలాను పోస్టాఫీసులోనే ఆపించవచ్చు. ఖరీదైన వస్తువును ఇంటికే రప్పించక తప్పనప్పుడు, దానికి వచ్చే ఓటీపీని, అంటే ఒక్కసారికే చెల్లే సంకేత సంఖ్యను, పార్శిల్‌తో ఎదుట నిలబడ్డ డ్రైవర్‌కు తప్ప ఫోన్‌లో ఎవరికీ చెప్పకూడదని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి బజర్ పక్కనే అంటించాలి.

ఇక సంఘ విషయాలకు వస్తే, ఇల్లు మారిన సభ్యులు అపార్ట్‌మెంట్ నంబరుతో సహా కొత్త చిరునామాను సభ్యత్వ విభాగానికి తెలియజేయాలని మనవి. నంబరు లేక తిరిగివచ్చిన గత సంచిక ప్రతులు సంఘ కార్యాలయంలో ఉన్నాయి. సంక్రాంతి సంచికకు రచనలు డిసెంబరు 10 లోగా చేరాలి. ఆ పండుగ పార్శిళ్లు బయల్దేరకముందే పిల్లలు డెలివరీ చిరునామాలు మార్చి, అమ్మానాన్నలను ఈ కాపలా నుంచి విడిపించాలని సంఘం కోరుతోంది.