‘అత్యవసరం’ అంటూ మనిషిని దించేది ఎవరి సంతకం?

2021 ఆగస్టు మొదటి వారం. ఎల్బీనగర్ దగ్గరి సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట మ్యాన్‌హోల్ పూడిక తీయడానికి కాంట్రాక్టర్ కింది కార్మికులను దించారు. లోపలికి దిగిన మనిషి పైకి రాలేదు. అతణ్ణి కాపాడబోయిన తోటి కార్మికుడూ రాలేదు. రెండు కుటుంబాలు రోడ్డున పడ్డాయి.

మరుసటి నెలలోనే రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాద్ చుట్టూ 31 కొత్త మురుగు శుద్ధి కేంద్రాలకు అనుమతి ఇచ్చింది. సామర్థ్యం రోజుకు 1,259.5 మిలియన్ లీటర్లు, ఖర్చు రూ.3,866 కోట్లు. ఈ డబ్బుకు జీవో ఉంది, టెండర్ ఉంది, ఏ దశలో ఏ అధికారి సంతకం పెట్టాలో లెక్క ఉంది. సాహెబ్‌నగర్ మ్యాన్‌హోల్‌లోకి ఇద్దరు మనుషులు దిగినప్పుడు అలాంటి సంతకం ఎవరు పెట్టారు? మురుగు శుద్ధి గురించి మాట్లాడే ప్రతిసారీ మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

మలక్‌పేట నుంచి మూసారాంబాగ్ వంతెన దాటితే అంబర్‌పేట. అక్కడ రోజుకు 339 మిలియన్ లీటర్ల మురుగును శుద్ధి చేసే ప్లాంటు, దిగువన నాగోల్‌లో 172 మిలియన్ లీటర్ల ప్లాంటు ఏళ్లుగా ఉన్నాయి. ఏ శుద్ధి కేంద్రంలోనైనా మురుగు ముందుగా జాలీల గుండా వచ్చి సంపు బావిలో పడుతుంది. దాన్నే ఇంజనీర్లు సక్షన్ వెల్ అంటారు. బావి అడుగున ఉండే మోటార్లు ఆ నీటిని పైకి తోడతాయి. గుడ్డలు, ప్లాస్టిక్ చుట్టుకుని మోటారు ఆగిపోతే బావి నిండుతుంది. అప్పుడు మురుగు వెనక్కి ఎగదన్నుతుంది, లేదంటే శుద్ధి లేకుండానే మూసీలో కలుస్తుంది. నది ఒడ్డున పల్లపు బస్తీల్లో ఉండే పేదలకే ఆ దెబ్బ ముందు తగులుతుంది. కాబట్టి మరమ్మతు అత్యవసరం అన్న మాట అబద్ధం కాదు. ఆ మాట చెప్పి ఎవరిని బావిలోకి పంపుతున్నారన్నదే సమస్య.

2013లో వచ్చిన పాకీ పని నిషేధ చట్టం ఏడో సెక్షన్ రక్షణ సామగ్రి లేకుండా మనుషుల చేత డ్రైనేజీ లైన్లు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేయించడాన్ని నిషేధించింది. మొదటి తప్పుకే రెండేళ్ల వరకు జైలు, లేదా రూ.2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ చట్టం కింద వచ్చిన నిబంధనలు రక్షణ సామగ్రితో కూడా కొన్ని సందర్భాల్లోనే మనిషి దిగవచ్చన్నాయి. సక్షన్ వెల్ అడుగున బిగించిన మోటారును తీయడం వాటిలో ఒకటి. అంటే శుద్ధి కేంద్రాలు, పంపుహౌస్‌లు సరిగ్గా ఈ మినహాయింపు కిందికే వస్తాయి. చివరి మినహాయింపు ‘తప్పనిసరి’ పరిస్థితి. దానికి స్థానిక సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి అనుమతి ఇవ్వాలి. ఎలా దిగినా లోపలి గాలిని ముందే పరీక్షించాలి. కనీసం ముగ్గురు సిబ్బంది ఉండాలి, వారిలో ఒకరు సూపర్‌వైజర్ కావాలి.

సుప్రీంకోర్టు 2014 మార్చి 27న సఫాయి కర్మచారీ ఆందోళన్ కేసులో ఇంకా స్పష్టంగా చెప్పింది. అత్యవసర పరిస్థితుల్లో అయినా రక్షణ సామగ్రి లేకుండా మురుగు లైన్లలోకి దించడాన్ని నేరంగా చూడాలంది. మరణానికి రూ.10 లక్షల పరిహారం ఇవ్వాలంది. 2023 అక్టోబరులో బలరాం సింగ్ కేసులో దాన్ని రూ.30 లక్షలకు పెంచింది. 2025 జనవరి 29న హైదరాబాద్ సహా ఆరు మహానగరాల్లో మనుషుల చేత పాకీ పని, మురుగు లైన్ల శుభ్రత చేయించడాన్ని నిలిపేయాలని ఆదేశించింది.

ఇంత చట్టం ఉండీ మనుషులు ఎందుకు చనిపోతున్నారు? ఆదేశం కాగితం మీద కాకుండా ఫోన్‌లో వస్తుంది కాబట్టి. పై అధికారి కింది అధికారికి, ఆయన కాంట్రాక్టర్‌కు, కాంట్రాక్టర్ మేస్త్రీకి చెబుతారు. బావి అంచున నిలబడేసరికి ‘దిగు’ అన్న మాట ఎవరిదో తెలియకుండా పోతుంది. మరమ్మతు పనిని టెండర్ లేకుండా నామినేషన్ మీద ఇచ్చినా ఫైలు కదులుతుంది, బిల్లు పాసవుతుంది. మనిషిని దించడానికి మాత్రం ఫైలు ఉండదు. చావు జరిగాక కేసు తరచూ నిర్లక్ష్యం వల్ల మరణం కిందికి కుదించుకుపోతుంది, అదీ మేస్త్రీ దగ్గరో కాంట్రాక్టర్ దగ్గరో ఆగిపోతుంది.

ఈ గొలుసులో చివరన ఎవరుంటారో కేంద్ర ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. నమస్తే పథకం కింద 2024 నాటికి నమోదైన సుమారు 38 వేల మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో 68.9 శాతం దళితులు. 2022, 2023ల్లో జరిగిన 54 మరణాలపై చేసిన సామాజిక తనిఖీలో 49 మందికి ఎలాంటి రక్షణ సామగ్రీ లేదని తేలింది. రాతపూర్వక అనుమతి అడగనక్కర్లేని మనుషులు ఎవరో ఈ వ్యవస్థకు ముందే తెలుసు.

యంత్రాలు లేవా అంటే ఉన్నాయి. 2017లో హైదరాబాద్ జలమండలి దళిత పారిశ్రామికవేత్తల ద్వారా 70 మినీ జెట్టింగ్ యంత్రాలను వీధుల్లోకి తెచ్చింది. అది మంచి అడుగే. అయితే జెట్టింగ్ యంత్రం లైనులోని పూడికను కదిలిస్తుంది, బావి అడుగున ఇరుక్కున్న మోటారును తీయలేదు. దానికి వేరే ఏర్పాట్లు కావాలి. మోటారును గొలుసుతో పైకి లాగే గైడ్ పట్టాలు, ఒకటి ఆగితే నడిచే స్టాండ్‌బై మోటారు, నీటిని ఆపే గేటు ఉండాలి. ఇవి పనిచేస్తే మోటారు తీయడానికి మనిషి దిగాల్సిన పని ఉండదు. గొలుసు తుప్పు పట్టి తెగిపోయి, స్టాండ్‌బై మోటారు నెలల తరబడి మూలన పడి ఉన్నప్పుడే ఒక రాత్రి అది ‘అత్యవసరం’ అవుతుంది. చాలా అత్యవసరాలు వాయిదా వేసిన మెయింటెనెన్స్ నుంచి పుట్టినవే.

విద్యార్థులు, కార్యకర్తలు సమాచార హక్కు చట్టం కింద నాలుగు విషయాలు అడగవచ్చు. మనుషులను దించడానికి ఏ తేదీన, ఏ కారణంతో రాతపూర్వక అనుమతులు ఇచ్చారు? ప్రతి ప్లాంటులో స్టాండ్‌బై మోటార్లు, గైడ్ పట్టాలు, గ్యాస్ డిటెక్టర్లు చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు? కాంట్రాక్టు ఒప్పందంలో మనిషిని దించకూడదన్న షరతు, దానికి జరిమానా ఉన్నాయా? మరణాల కేసుల్లో 2013 చట్టం సెక్షన్లు పెట్టారా? జవాబులను కలెక్టర్ అధ్యక్షతన ఉండాల్సిన జిల్లా విజిలెన్స్ కమిటీ ముందు పెట్టాలి. ‘అలాంటి అనుమతులేవీ లేవు’ అని జవాబు వస్తే అది కూడా సాక్ష్యమే. ఆ తర్వాత ఎవరైనా దిగారని తేలితే, అనుమతి లేకుండా దించారన్నది అధికారుల మాటతోనే రుజువవుతుంది.

మరమ్మతులకు అనుమతి వెంటనే ఇవ్వాలి, మురుగు బస్తీల మీదికి రాకూడదు. అదే అనుమతి పత్రంలో ‘మనిషి దిగడు, ఈ యంత్రంతో పని జరుగుతుంది’ అన్న వాక్యం, దాని కింద అధికారి పేరు, సంతకం ఉండాలి. ఆ వాక్యం లేని అత్యవసర అనుమతిని ఒప్పుకోకూడదు. సాహెబ్‌నగర్‌లో పోయిన ఇద్దరికి మనం చేయగలిగిన కనీస న్యాయం అది.