'చావ్' అనే మాట వెనక

ఢిల్లీ సరిహద్దుల్లో 2020-21లో రైతులు బైఠాయించిన రోజుల్లో, ఇటలీ దేశపు 'బెల్లా చావ్' బాణీలో ఒక పంజాబీ పాట వచ్చింది. మన సభల్లో కూడా కుర్రాళ్లు ఆ బాణీ ఎత్తుకుంటున్నారు. మొన్న మా క్లాసులో ఒక కూలీ అక్క అడిగింది: "పాటలో ఆ చావేమిటన్నా?" అని. అందరం నవ్వాం. మన చావు కాదది. ఇటలీవాళ్లు స్నేహితులు ఎదురుపడినా, సెలవు తీసుకుంటున్నా అనుకునే పలకరింపు.

అయితే ఆ మాట పుట్టుక వింటే నవ్వు రాదు. వెనిస్ నగరపు యాసలో అది 'స్చావో'. అంటే బానిస. 'తమ బానిసను' అని దండం పెట్టడమన్న మాట. దానికి మూలం మధ్యయుగపు లాటిన్‌లోని 'స్క్లావుస్'. అది స్లావ్ జాతి జనం పేరు. మధ్యయుగాల్లో ఆ జనాన్ని పట్టి తెచ్చి ఎంతగా అమ్మారంటే (వెనిస్ వర్తకులు అందులో బాగానే గడించారు), చివరకు జాతి పేరే బానిసకు పేరైపోయింది. ఇంగ్లీషు 'స్లేవ్' కూడా అక్కడిదే.

మనకిది కొత్తా? తెలంగాణలో దొర ఎదురైతే 'బాంచెన్ దొరా, కాల్మొక్తా' అనాల్సి వచ్చేది. అదీ 'నీ బానిసను' అనే. కాని తేడా ఉంది. వెనిస్ మాట వందల ఏళ్లు జనం నోళ్లలో నాని అర్థం అరిగిపోయింది. ఎంతగానంటే, ఇవాళ యజమానితో 'చావ్' అంటే మర్యాద తప్పినట్టు, తోటివాళ్లతోనే అనాలి! బాంచెన్ అలా అరిగిపోలేదు. 1946-51 సాయుధ పోరాటంలో సంఘం పెట్టుకున్న జనం ఇక అనమని తెగించారు.

మాట అరిగితే బానిసతనం అరుగుతుందా? రోమ్‌కు దక్షిణాన లాతీనా ప్రాంతపు పొలాల్లో వేలాది పంజాబీ కూలీలున్నారు. యజమానిని 'పద్రోనే' అని పిలవాలి, అంటే దొర అనే. 2016 ఏప్రిల్‌లో వాళ్లు సమ్మె చేశారు. ఆ ఏడాదే మేస్త్రీల దోపిడీ మీద చట్టమొచ్చింది. అయినా 2024 జూన్‌లో, యంత్రంలో చెయ్యి తెగిన కూలీని ఆస్పత్రికి చేర్చకుండా ఇంటి ముందు వదిలేసి పోయారు. తెగిన చేతిని పళ్ల పెట్టెలో పెట్టారు. అతను బతకలేదు. ఆ నెలలోనే కూలీలు, సంఘాలు లాతీనా వీధుల్లో ఊరేగింపు తీశారు.

ఆ పాట మనమూ పాడుకున్నాం. వాళ్లకు మద్దతుగా మా జిల్లాలో ఒక్క తీర్మానం మాత్రం చేయలేదు.