యంత్రంపై పన్ను తగ్గింది... తుప్పు సంగతి? నీటి ఆధారిత పూతలపై రైతులకు సూచనలు

2025 సెప్టెంబరు 22 నుంచి రోటవేటర్ల వంటి వ్యవసాయ యంత్రాలపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. యాంత్రీకరణ పథకం కింద రాయితీ కూడా ఉంది. ఈ సాయమంతా కొనే రోజు వరకే. ఆ తరువాత యంత్రాన్ని కాపాడుకునే ఖర్చు రైతుదే. రంగులపై పన్ను 18 శాతంగానే ఉంది. రోటవేటర్ ఏడాదిలో పనిచేసేది కొన్ని వారాలే. మిగతా నెలల్లో దాన్ని తినేది తుప్పే. బురద, యూరియా, కోస్తాలో ఉప్పు గాలి తోడైతే తుప్పు మరింత వేగంగా పడుతుంది.

ఏమిటీ పూతలు?

మామూలు ఎనామిల్‌లో టర్పెంటైన్ లేదా థిన్నర్ ఉంటుంది. ఘాటు వాసన వస్తుంది, నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. నీటి ఆధారిత పూతల్లో ఆ పని చాలావరకు నీరే చేస్తుంది. నీరు ఆరాక యాక్రిలిక్ లేదా ఎపాక్సీ రేణువులు కలిసిపోయి పొరగా మారతాయి. పశువుల కొట్టం, ఇంటి దగ్గర వేసుకోవడానికి అనువు. బ్రష్‌ను నీటితో కడిగితే చాలు.

ఒక హెచ్చరిక: గోడలకు వేసే ఎమల్షన్ కూడా నీటి ఆధారితమే. దాన్ని నేరుగా ఇనుముపై వేస్తే అందులోని నీటికే తుప్పు పడుతుంది. డబ్బాపై ‘లోహానికి’ అని ఉన్నదే కొనండి. జింక్ ఫాస్ఫేట్ ఉన్న ప్రైమర్ మంచిది.

ఎక్కడ వాడాలి? ఎక్కడ వద్దు?

• ట్రాలీ బాడీ, యంత్రాల ఫ్రేములు, గేట్లు, షెడ్డు స్తంభాలకు వాడవచ్చు.
• జీఐ రేకులపై మామూలు ఎనామిల్ కొన్నాళ్లకు పెచ్చులూడుతుంది. వాటికి తగిన యాక్రిలిక్ పూత బాగా పట్టుకుంటుంది.
• నాగలి కర్రు, రోటవేటర్ బ్లేడ్లకు ఏ రంగూ నిలవదు. కడిగి, ఆరబెట్టి గ్రీజు పూయండి.

వేసే విధానం

1. మట్టి, ఎరువు, గ్రీజు పూర్తిగా కడిగి ఆరనివ్వాలి. గ్రీజు మరక మిగిలితే పూత పట్టదు.
2. వదులు తుప్పును ఇనుప బ్రష్‌తో, ఎమరీ పేపర్‌తో గీకాలి.
3. శుభ్రం చేసిన రోజే ప్రైమర్ వేయాలి. ఆలస్యమైతే మళ్లీ తుప్పు మొదలవుతుంది.
4. ఒక మందపాటి పూత కన్నా రెండు పలుచని పూతలు మేలు. అంచులకు, వెల్డింగ్ అతుకులకు ముందుగా ఒకసారి బ్రష్‌తో వేయాలి.

ఎప్పుడు వేయాలి?

వీటి బలహీనత వాతావరణమే. ముసురు పట్టినప్పుడు, మంచు కురిసేటప్పుడు నీరు ఆరదు, పొర సరిగా కట్టదు. గాలిలో తేమ 85 శాతం దాటితే ఆగండి. మండుటెండలో కాలిన ఇనుముపైనా వద్దు. సంక్రాంతి తరువాత, పొద్దెక్కి మంచు ఆరాక మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించడం మేలు.

కొనేముందు చూడండి

2016 నవంబరులో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఇంటి, అలంకరణ రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదు. పారిశ్రామిక రంగులు ఆ పరిధిలో లేవు. యంత్రాలకు పసుపు, నారింజ రంగులు కొనేటప్పుడు డబ్బాపై సీసం వివరం చదవండి. పాత రంగును గీకేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి.

నీటి ఆధారిత డబ్బా ధర ఎక్కువగా కనిపించవచ్చు. థిన్నర్ ఖర్చును కూడా కలిపి పోల్చుకోండి. ఏ పూతైనా నిలిచేది కింది ఇనుమును ఎంత శుభ్రం చేశారన్న దానిపైనే. ముందు ట్రాలీ అడుగు భాగం, వెల్డింగ్ అతుకులు పరిశీలించండి. చుక్కల తుప్పు ఉన్నప్పుడే గీకి పూత వేస్తే, రేకు మార్పించే ఖర్చు తప్పుతుంది.